గాజు కప్పు కింద

మార్చి 3, సోమవారం

సాగర్‌కి కొత్త కుర్చీ వచ్చింది. చక్రాలది, మెడ దగ్గర దిండున్నది. నాది ఇంకా ఆ ప్లాస్టిక్ కుర్చీయే. దాని ఒక కాలు పొట్టి. కుర్చీ గురించి రాయడానికి డైరీ మొదలుపెట్టానంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఎవరికి చెప్పాలి? హాస్టల్లో చెబితే కుర్చీకి ఏడుస్తావా అంటారు.

కుర్చీకి కాదు. జనగామలో ఈ సంజీవ సార్ ఆఫీసులో రెండేళ్ళుగా ప్రతి ఇంటి ప్లానూ, ప్రతి త్రీడీ బొమ్మా నేనే చేస్తున్నాను. సాగర్ ఈ సంజీవ సార్‌కి మేనల్లుడు. బీటెక్ అయిపోయి సంక్రాంతి తర్వాత వచ్చాడు. రాగానే డిజైన్ హెడ్. ఆఫీసులో ఉన్నదే ముగ్గురం. ఎవరికి హెడ్?

కొత్త పని వచ్చింది. జఫర్‌గఢ్‌లో ఒక పెద్ద ఇంటికి వెనకవైపు గది కట్టాలట, పైకప్పు మొత్తం అద్దం. ఆ ఇంటి కొడుకు వివేక్ ఇన్‌స్టాలో చూసిన ఫోటో పంపాడు. సార్ దాన్ని నాకు వాట్సాప్‌లో తోసి, గిదే కావాలె, జల్ది చెయ్ అన్నాడు. ఫోటోలో బయట మంచు ఉంది. మాకు మేలో నలభై నాలుగు ఎండ ఉంటుందని ఆ ఫోటోకి ఎవరు చెప్పాలి.

మార్చి 5, బుధవారం

ఈ సాఫ్ట్‌వేర్‌లో మామూలు కప్పు గీయడం క్షణం పని. అద్దాల కప్పు అలా కాదు. ముందు మామూలు వాలు కప్పు గీసి, దాని రకాన్ని అద్దానికి మార్చాలి. మార్చగానే మొత్తం ఒకటే పెద్ద పలక అయిపోతుంది. దాన్ని గీతలు కొట్టి ముక్కలు చేయాలి. ప్రతి గీత మీదా అల్యూమినియం పట్టీ కూర్చోబెట్టాలి. అంతవరకు బాగానే వచ్చింది.

మూడు వైపులా వాలు పెట్టాను. రెండు వాలులు కలిసే మూల దగ్గర అద్దాలు త్రికోణాలవుతాయి. అక్కడే గొడవ. పట్టీలు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోతున్నాయి. కలపమంటే ఎర్రర్. ఈ రెండూ కలవవు, డిలీట్ చేయనా అని అడుగుతుంది. నో కొడితే మళ్ళీ అదే అడుగుతుంది. మొండి ముండ అని పైకే తిట్టాను. సాగర్ ఇయర్‌ఫోన్ తీసి నన్నా అన్నాడు. కాదన్నాను. అనాల్సింది.

మార్చి 6

వచ్చింది! మూల పట్టీని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకుండా విడిగా నేనే గీశాను. రెండు వాలులకూ సరిపోయే కోణంలో కోసి, అద్దాల అంచులు దాని మీద కూర్చునేలా చేశాను. మోడల్‌ని తిప్పి తిప్పి కింద నుంచి చూశాను. ఎక్కడా సందు లేదు. లంచ్ చేయడం మర్చిపోయాను.

మార్చి 8, శనివారం

సార్ కారులో జఫర్‌గఢ్ పోయాం. సాగర్ ముందు, నేను వెనక లాప్‌టాప్‌తో.

గది ఎవరికో అక్కడికి పోయాక తెలిసింది. వివేక్ వాళ్ళమ్మ అరుణమ్మ. నిరుడు పొలం గట్టు మీద పడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు గాని కుదురుకోలేదు. మంచం మీద నుంచి లేవాలంటే లచ్చవ్వ అనే పనామె రెండు చంకల కింద చేతులు వేసి లేపాలి. ముందు గదిలో ఫ్యాన్ కింద పడుకుని ఉంది. ఎప్పుడూ ఆ ఫ్యానే చూస్తున్నానమ్మా, దాని రెక్కల మీద దుమ్ము ఎంతుందో గూడ చెప్తా అంది. నలభై ఏండ్లు ఎవుసం చేసిన, మొగులు చూడక పానం పోతున్నట్టున్నది అంది. ఆకాశం కనబడాలని ఆ ముసలామె మంచాన్ని తీసుకుపోయి అద్దం కింద వేస్తారు. అదీ గది.

లాప్‌టాప్ ఆమె పక్కన పెట్టి మోడల్ చూపించాను. చాలా ప్రశ్నలు అడిగింది. ఎండ కొడితే? పైన తెరుచుకునే కిటికీలు పెట్టాను, వేడి అక్కడి నుంచి పోతుంది అన్నాను. అద్దం పగిలితే? అప్పుడు చెప్పాను: రెండు అద్దాల మధ్య ఒక పొర పెట్టి అతికిస్తారు, పగిలినా పొరకి అంటుకుని అక్కడే ఉంటుంది, మీద పడదు. లామినేటెడ్ అంటారు. ఆమె ఆ మాట రెండు సార్లు పలికింది.

వివేక్ నా పేరడిగాడు. అక్షిత అన్నాను. ఇంటి పేరు అడిగాడు. బానోత్ అన్నాను. ఓహో, ఏ తండా అన్నాడు. గార్ల దగ్గర అన్నాను. తర్వాత చాయ్ వచ్చింది. సార్‌కీ సాగర్‌కీ పింగాణీ కప్పుల్లో. నాకు పేపర్ గ్లాసులో.

తాగాను. తాగకుండా పెట్టేయాల్సింది. కారులో దారంతా అదే అనుకున్నాను.

మార్చి 12

మోడల్‌లో ఒక మంచం పెట్టాను. మంచం మీద మనిషి బొమ్మ పెట్టాను. కెమెరాని ఆ బొమ్మ కళ్ళ దగ్గర పెట్టి పైకి తిప్పితే ఆకాశమంతా కనిపించింది. మూల పట్టీ ఒక్కటే కొంచెం అడ్డం. దాన్ని మంచానికి పక్కగా జరిగేలా కప్పు మార్చాను. ఎవరూ అడగలేదు. అయినా మార్చాను.

మార్చి 13

నా మోడల్ ఫోటోని సాగర్ స్టేటస్ పెట్టాడు. My first concept అని. మంచం మీది బొమ్మతో సహా.

మార్చి 19, బుధవారం

వాస్తు పంతులు వచ్చి చూశాడట. నీళ్ళు దక్షిణానికి పడొద్దు, పడమరకి పడొద్దు, అంతా ఉత్తరానికే పోవాలె అన్నాడట. సరే. మూడు వాలుల కప్పు పోయింది, మూల పట్టీ పోయింది, నేను లంచ్ మానేసిన రోజు పోయింది. ఒకటే వాలు.

ఆ ఒక్క వాలూ ఎత్తుగా ఉండొద్దట. పై అంతస్తులో వివేక్ బెడ్‌రూం కిటికీ ఉంది, కప్పు దానికి అడ్డం రావద్దట. సాఫ్ట్‌వేర్‌లో వాలు ఒక నంబరు, అంతే. ఆ నంబరు తగ్గిస్తే కప్పంతా బుద్ధిగా పడుకుంటుంది. తగ్గించాను. ఇంకా అన్నారు. ఇంకా తగ్గించాను. ఇప్పుడది కప్పు కాదు, టేబుల్. నీళ్ళు నిలుస్తాయి సార్, దుమ్ము నిలుస్తుంది, బరువు అంతా పట్టీల మీదే పడుతుంది అన్నాను. రాసుకో, తర్వాత చూద్దాం అన్నాడు. డ్రాయింగ్ మీద నోట్ రాశాను: ఇంత తక్కువ వాలుకు పట్టీలు దగ్గర దగ్గరగా ఉండాలి, అద్దం లామినేటెడే వాడాలి.

మార్చి 24, సోమవారం

పొద్దున ఫైల్ తెరిస్తే పట్టీలు దూరం దూరం జరిగి ఉన్నాయి. మూడు అద్దాలున్న చోట రెండే ఉన్నాయి. కప్పులో తెరుచుకునే కిటికీలు లేవు. నా నోట్ లేదు. అద్దం పేరు దగ్గర టఫెన్డ్ అని ఉంది, ఒకటే పలక.

సాగర్‌ని అడిగాను. క్లీన్‌గా కనిపిస్తది, పట్టీలు ఎక్కువుంటే జైలు లెక్కున్నది అన్నాడు. అద్దం ఎందుకు మార్చావు అంటే, హైదరాబాద్‌ల మా దోస్తు దగ్గర అదే స్టాక్ ఉన్నది, టఫెన్డ్ అంటేనే గట్టిది కదా అన్నాడు.

గట్టిదే. కానీ పగిలితే మొత్తం ఒకేసారి ముక్కలై కుప్పగా రాలిపోతుంది. నిలబడ్డవాడు పారిపోతాడు. మంచం మీద ఉన్నామె?

కోపంతో నాకు మాట రాదు, ఏడుపొస్తుంది. అందుకే బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి నిలబడ్డాను.

మార్చి 25

సార్‌తో మాట్లాడాను. ఏడవకుండా. అంతా చెప్పాను. కోతులు దూకుతాయి సార్, జఫర్‌గఢ్‌లో ఇంటి పక్కనే చింతచెట్టుంది, దాని నిండా కోతులే అన్నాను. నవ్వాడు.

"కంప్యూటర్ల ఏమన్న కూలిందా?" అన్నాడు.

కంప్యూటర్‌లో ఏదీ కూలదు సార్, గాలిలో నిలబెట్టినా నిలబడుతుంది అన్నాను.

"అయితే నీకెందుకు గింత పరేషాన్? నువ్వు గీసే పిల్లవు. కట్టేది మేము. ఇరవై ఏండ్ల సంది కడ్తున్న. గీసి ఇయ్యి, ఇంటికి పో."

గీసి ఇవ్వలేదు. సాగర్ ప్రింట్ తీసుకున్నాడు. డిజైన్డ్ బై: సాగర్. డ్రాన్ బై: అక్షిత. ఇన్నాళ్ళూ ఎక్కడా లేని నా పేరు, ఈ ఒక్క డ్రాయింగ్ మీద.

మార్చి 30, ఆదివారం, ఉగాది

ఇంటికి పోలేదు. అమ్మ, అదే మా యాడి, ఫోన్లో తిట్టింది, పండక్కి రాని కూతురు ఎందుకని. గార్ల రైలు ఎక్కాల్సినదాన్ని జఫర్‌గఢ్ బస్సు ఎక్కాను.

లచ్చవ్వ తలుపు తీసింది. అమ్మతో మాట్లాడాలి అవ్వా అంటే లోపలికి తీసుకుపోయింది. అరుణమ్మకి చెప్పాను: నేను చూపించిన కప్పు వేరు, ఇప్పుడు కట్టబోయేది వేరు. అద్దం మారింది. కిటికీలు తీసేశారు. అది పగిలితే మీ మీదే పడుతుంది.

"నా కొడుక్కి ఎరుకేనా?" అని అడిగింది. నాకు తెలియదు అన్నాను. వివేక్‌ని పిలిచింది.

వివేక్ గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. వాళ్ళు ఇంజినీర్లమ్మా, ఈ పిల్లకి ఆఫీసుల ఏదో లొల్లి అయినట్టున్నది అన్నాడు. నా ముందే సార్‌కి ఫోన్ చేశాడు. మీ టైపిస్ట్ వచ్చింది మా ఇంటికి అన్నాడు.

టైపిస్ట్.

అరుణమ్మ మళ్ళీ ఫ్యాన్ వైపు తిరిగింది. అదే ఎక్కువ మండింది. బయటికి వస్తుంటే లచ్చవ్వ ఒక గ్లాసులో ఉగాది పచ్చడి తెచ్చి, పండుగ పూట ఉత్త నోటితోని పోవద్దు బిడ్డా అంది. స్టీలు గ్లాసు. తాగాను.

ఏప్రిల్ 1

సార్ నన్ను పనిలోంచి తీసేశాడు. ఎవరూ ఏప్రిల్ ఫూల్ అనలేదు.

ఏప్రిల్ 9, గార్ల

తండాలో ఉన్నాను. పొద్దుట్నుంచి మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయ ఏరాను. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. కోపం అంతకన్నా మండుతోంది. ఒక్కో కాయ తీసి పక్కన పడేస్తుంటే సాగర్, సంజీవ సార్, వివేక్, మళ్ళీ సాగర్.

యాడి సీతాబాయి ఏమీ అడగలేదు. సాయంత్రం మాత్రం, వాళ్ళింటి అద్దం వాళ్ళ మీద పడితే నీకేంది అంది. సూటిగా. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను గీశాను కదా యాడీ అన్నాను. నువ్వు గీసింది వాళ్ళు కట్టలేదు కదా అంది. అవును. కానీ పేరు నాదే ఉంది. అప్పుడు యాడి పళ్ళు కొరికి మా భాషలో ఒక తిట్టు తిట్టింది. దాన్ని ఇక్కడ రాయలేను. విని ప్రాణం కొంచెం చల్లబడింది.

ఏప్రిల్ 28, భూపాలపల్లి

పని దొరికింది. ఒక కాంట్రాక్టర్ దగ్గర, రేకుల షెడ్లు గీయాలి. చెక్ చేసేది వసంత మేడం, స్ట్రక్చరల్ ఇంజినీర్, వారానికోసారి వరంగల్ నుంచి వస్తుంది. మొదటి రోజే నా డ్రాయింగ్ మీద ఎర్రపెన్నుతో తప్పులు చుట్టింది. చాలా ఉన్నాయి. నాకు కోపం రాలేదు. ఎందుకంటే ప్రతి చుట్టు పక్కనా ఎందుకు తప్పో రాసింది.

ఊరంతా బొగ్గు దుమ్ము. ఆరేసిన చున్నీ సాయంత్రానికి బూడిద రంగు.

మే 15

లచ్చవ్వ ఫోన్. గది అయిపోయిందట. ఆదివారం పాలు పొంగిస్తారట. అమ్మ నిన్ను తప్పకుండ రమ్మన్నది బిడ్డా అంది. ఎందుకవ్వా అన్నాను. నాకేమెరుక, రమ్మన్నది అంది.

పోను.

మే 18, ఆదివారం

పోయాను. కోపం తీసుకుపోయింది. వాళ్ళు ఏం కట్టారో కళ్ళతో చూడాలనిపించింది.

గది అచ్చం సాగర్ ఫైల్‌లో ఉన్నట్టే ఉంది. బల్లపరుపు కప్పు, దూరం దూరం పట్టీలు. పైన చింతాకు రాలి అక్కడే పరుచుకుని ఉంది, జారడానికి వాలు లేదు కదా. లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. ఏసీ పెట్టి పొడుగు కర్టెన్లు కట్టారు. ఆకాశం కోసం కట్టిన గదిలో ఎండకి పైన కూడా గుడ్డ లాగారు. అరుణమ్మ అది తీయించింది. ఎండైతే ఎండాయె, చూస్త అంది.

మంచం మధ్యలో ఉంది. సంజీవ సార్ మంచం పక్కన కుర్చీలో, సాగర్ ఆయన పక్కన. వివేక్ చుట్టాలకు వీడియో తీస్తున్నాడు. సార్ నన్ను చూసి చూడనట్టు కూర్చున్నాడు. నేను లోపలికి పోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. అరుణమ్మ నన్ను చూసి తల ఊపింది, అంతే.

అప్పుడు దూకాయి. ముందు ఒకటి. ధబ్‌మని శబ్దం, గదంతా మోగింది. పెద్ద గండు కోతి. అద్దం మీద దాని నాలుగు చేతులూ కింద నుంచి తెల్లగా కనిపించాయి. దాని వెనక మంద మొత్తం. చింతచెట్టు కొమ్మ మీద నుంచి ఒకటి తర్వాత ఒకటి. అద్దం కిందికి వంగి పైకి లేవడం నేను చూశాను. నిజంగా చూశాను.

సంజీవ సార్ లేచాడు. లేచి ఉరికాడు. ఇరవై ఏండ్ల సంది కడుతున్న మనిషి, తను కట్టిన కప్పు కింద నుంచి కుర్చీ పడేసి ఉరికాడు. గుమ్మం దగ్గర నన్ను భుజంతో నెట్టేసి పోయాడు. సాగర్ ఆయన కన్నా ముందే బయట ఉన్నాడు. వివేక్ ఫోన్ పట్టుకుని వరండాలో ఉన్నాడు. ఎప్పుడు పోయాడో తెలియదు.

లోపల ఇద్దరే. మంచం మీద అరుణమ్మ. మంచం మీదికి వంగి లచ్చవ్వ. తన కొంగు తీసి ఆమె ముఖం మీద కప్పి, దాని మీద తన రెండు చేతులూ అడ్డం పెట్టింది. పైన కోతులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

ఎవరో కట్టె తెచ్చి అరిస్తే కోతులు పోయాయి. అద్దం పగల్లేదు.

అందరూ మెల్లగా లోపలికి వచ్చారు. సార్ నవ్వుతూ వచ్చాడు. చూసిండ్రా అమ్మా, టఫెన్డ్ అంటే గట్లుంటది, ఏం కాలే అన్నాడు.

అరుణమ్మ ముఖం మీది కొంగు తీసింది. గొంతు పెంచలేదు.

"ఏం కాదని ఎరుకుంటే ఎందుకు ఉరికినవు సంజీవా?"

కోతులకు భయపడ్డాం అన్నాడు సాగర్. కోతులు పైనున్నయి గద బిడ్డా, నడుమ మీ అద్దమున్నది గద అంది ఆమె. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు గూడ ఉరికినవు రా." ఒక్క మాట. వివేక్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడే నా మంచం తియ్యుండ్రి, రేపు గీ అద్దం తియ్యుండ్రి అంది. ఎవరూ కదల్లేదు. లచ్చవ్వ ఒక్కతే మంచం లాగడం మొదలుపెట్టింది. నేను పోయి రెండో వైపు పట్టుకున్నాను.

మే 19, భూపాలపల్లి

నిన్న రాయనిది. కోతులు దూకినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. అందరికన్నా నాకే బాగా తెలుసు ఆ అద్దం పగిలితే ఏమవుతుందో. నా కాళ్ళు కదల్లేదు. బయటికి పోలేదు నిజమే, లోపలికి కూడా పోలేదు.

సంజీవ సార్ మీద ఎంత కోపమో నా కాళ్ళ మీద అంత.

మే 29

వివేక్ ఫోన్ చేశాడు. అద్దం తీయించినం, అమ్మ అన్నం సరిగా తింటలేదు, ఫ్యాన్ కిందికి మళ్ళ పోయినంక ఎవ్వరితోని మాట్లాడ్తలేదు అన్నాడు. మొదటి డిజైన్ ఉందా అని అడిగాడు. సంజీవ సార్‌తోనే చేయిద్దాం, నువ్వు వెనక నుంచి హెల్ప్ చెయ్ అన్నాడు.

వెనక నుంచి!

ఏమన్నానో అంతా గుర్తు లేదు. ఏడవలేదు అన్నది గుర్తుంది. వెనక నుంచి చేయను అన్నాను. నా పేరు మీద చేస్తాను, వసంత మేడం లెక్కలు చూసి సంతకం పెడుతుంది, మీ పై అంతస్తు కిటికీకి అడ్డం వస్తే ఆ కిటికీయే జరగాలి, పంతులు ఏమన్నా వాలు తగ్గదు, అద్దం సైట్‌కి వచ్చినప్పుడు నేనే వచ్చి చూస్తాను అన్నాను. ఇంకా చాలా అన్నాను. టైపిస్ట్ మాట కూడా అన్నాను. సరే మేడం అన్నాడు.

మేడం అన్నందుకు కూడా కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఏమైంది ఆ మేడం.

జూన్ 7

ఫైల్ సంజీవ సార్ ఆఫీసులోనే ఉండిపోయింది. అడగలేదు. మొదటి నుంచి గీశాను. చేతికి దారి గుర్తుంది. వసంత మేడం చూసి, నీ మూల పట్టీ అందంగా ఉంది గాని బలం లేదు, కింద ఇనుప దూలం వెయ్యి అంది. వాదించాను. లెక్క చూపించింది. ఓడిపోయాను. నేను మెచ్చుకుంటూ తిప్పి తిప్పి చూసుకున్న ఆ మొదటి కప్పు కూడా తప్పేనన్నమాట. దూలం వేశాను. ఆకాశంలో కొంత పోయింది. పోనీ.

జూన్ 20

దూలం చూస్తే ఎద్దు బండి లెక్కున్నది అన్నాడట వివేక్. ఉండనీ అందట అరుణమ్మ.

జూలై 13, ఆదివారం

అద్దాలు వచ్చాయి. పోయి చూశాను. అంచు మీద గోరు పెట్టి చూస్తే రెండు పలకల మధ్య పొర తెలిసింది. వచ్చినవాటిలో రెండు అద్దాలకు అంచులు పెచ్చులూడాయి, వెనక్కి పంపించమన్నాను. మేస్త్రీ గొణిగాడు. గట్టిగా అరిచాను. గొంతు వణకలేదు.

ఆగస్టు 10, ఆదివారం, జఫర్‌గఢ్

గది అయింది. పాలు పొంగించలేదు, చుట్టాల్ని పిలవలేదు. ముందు నువ్వు పండుకో అంది అరుణమ్మ, తన మంచం చూపించి. చెప్పులు విప్పి పడుకున్నాను. వివేక్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పైన మబ్బు నెమ్మదిగా పోతోంది.

లేవబుద్ధి కాలేదు. ఎవరూ లెమ్మనలేదు.